అనంతమును గణించిన కాంటరు పండితుని చరిత్రము

అనంతమను మాటను మనము ప్రతిదినమును పలుకుచుందుము. దేవుఁ డనంతుఁ డందుము; ఆకాశ మనంత మందుము; కాలమునకు మొదలును తుదియు లేవందుము. కాని యీ మూఁడుచోట్లను ఆ మాట కొక్కటే యర్థమా యని విచారించువారు మిక్కిలి తక్కువ. తెలియనిదాని నెల్ల అనంతమని పేరుపెట్టి, నమస్కరించి విడిచిపెట్టుటయే భక్తియని కొందఱు తలఁతురు. తెలియఁదగినదానిని కష్టపడి తెలిసికొని, తెలియరానిదానికి మాత్రమే తలవంచుట నిజమైన భక్తియని మే మెంచుచున్నాము. ఈ రెండవ మార్గమున నడచి, అనంతమునందును మనుష్యబుద్ధికి ప్రవేశింపఁదగిన భాగ మొకటి కలదని నిరూపించి, అందుకై చిరకాలము నిందలకు పాత్రుఁడైన యొక గణితపండితుని చరిత్రమును ఇచ్చట చెప్పఁబూనితిమి. ఆతని పేరు గేయోర్గ్ కాంటరు.

ఆతనికి పూర్వ మీ విషయమున పండితు లేమి చెప్పిరో మొదట తెలిసికొనుట యవసరము. గ్రీకుతత్త్వవేత్తయైన అరిస్టాటిలు అనంతమును రెండు విధములుగా విభజించెను. ఒకటి, రెండు, మూఁడు అని లెక్కించుచుఁ బోయినయెడల, ఎంత పెద్దసంఖ్యకు చేరినను దానికి మఱియొకటి కలుపవచ్చును. ఎడతెగని యీ పెరుగుదల యొకవిధమైన యనంతము. ఆ సంఖ్య లన్నియు నొక్కసారిగా సిద్ధమై యున్నవని తలఁచుట రెండవవిధము. ఆయన మొదటిదాని నంగీకరించి రెండవదానిని నిరాకరించెను. ఆ తీర్పు రెండువేల యేండ్లకు మించి యూరోపుఖండమున చెల్లెను. 1638వ సంవత్సరమున గెలీలియో తన గ్రంథమున నొక చిక్కును చూపెను. ఒకటి, నాలుగు, తొమ్మిది, పదునాఱు మొదలైన వర్గసంఖ్యలు సంఖ్యలన్నిటిలో కొన్ని మాత్రమే. అయినను ప్రతిసంఖ్యకును ఒక వర్గ మున్నది గనుక, రెండు వరుసలను జతపఱచినచో ఏదియు మిగులదు. కాఁబట్టి ఎక్కువ, తక్కువ, సమము అను మాటలు అనంతమునకు చెల్లవని నిశ్చయించి ఆయన యూరకుండెను. గణితజ్ఞులలో నగ్రగణ్యుఁడైన గౌసు సైతము 1831లో వ్రాసిన యొక లేఖలో, అనంతమును పూర్తియైన వస్తువుగా గణితమున వాడుట తగదని మందలించెను.

మన దేశమున జైనాచార్యులు సంఖ్యలను సంఖ్యేయములు, అసంఖ్యేయములు, అనంతములు అని విభజించి, అనంతమునందును భేదములు కలవని చెప్పిరి. పండ్రెండవ శతాబ్దమున భాస్కరాచార్యులు తన బీజగణితమున, సున్నచే భాగింపఁబడిన రాశికి ఖహరమని పేరుపెట్టి, దాని కెంత కలిపినను, దానినుండి యెంత తీసినను మార్పుండదనియు, సృష్టిప్రళయములందు భూతములు వెలువడినను లీనమైనను అనంతుఁడగు అచ్యుతునకు వికారము లేనట్లే యిదియు ననియు పోల్చెను. పోలిక రమ్యమైనదే. కాని యొక యనంతము మఱియొక యనంతముకంటె పెద్దదని సందేహమునకు తావులేకుండ నిరూపించు పద్ధతిని లోకమున కిచ్చినవాఁడు కాంటరే.

ఈతఁడు 1845వ సంవత్సరము మార్చి 3వ తేదీని రష్యాదేశమందలి సెయింటు పీటర్సుబర్గు నగరమున జన్మించెను. తండ్రి వర్తకుఁడు, లూథరు మతమునందు దృఢమైన భక్తి కలవాఁడు. తల్లి సంగీతజ్ఞుల వంశమునఁ బుట్టినది. తల్లివంకనుండి బాలునకు వయొలీను వాద్యమునందు నేర్పును, తండ్రివలన దైవచింతయు సంక్రమించెను. తండ్రికి శరీరస్వాస్థ్యము తప్పుటచే 1856లో కుటుంబము రష్యాదేశపు చలిని విడిచి జర్మనీకి వలసపోయెను. కుమారుఁడు ఇంజనీరు కావలెనని తండ్రి కోరిక. గణితమే చదువవలెనని కుమారుని కోరిక. 1862లో తండ్రి తన పట్టును విడిచి సమ్మతించెను. ఆ మఱుసటియేఁడే ఆయన కాలధర్మము నొందెను. మనస్సునకు వచ్చిన విద్యను చదువనిచ్చిన తండ్రికి కొడుకు జీవితాంతము కృతజ్ఞుఁడై యుండెను. పిల్లల యభిరుచి నెఱుఁగక, తాము నిర్ణయించిన వృత్తిలోనికే వారిని త్రోయు తలిదండ్రు లీ సంగతిని గుర్తింపవలెను.

జూరిచ్చిలో కొంతకాలము చదివి, కాంటరు బెర్లిను విశ్వవిద్యాలయమునకు పోయెను. అచ్చట వయర్‌స్ట్రాసు, కుమ్మరు, క్రోనెకరు అను మహాపండితు లాతనికి గురువులు. 1867లో పట్టముఁ బొంది, 1869లో హాలె పట్టణపు విశ్వవిద్యాలయమున నుపాధ్యాయుఁ డయ్యెను. హాలె చిన్నస్థలము, జీతము స్వల్పము. బెర్లినులో పీఠము లభించునని ఆతఁడు పెక్కేండ్లు ఆశించెను గాని, ఆ యాశ యెన్నఁడును నెఱవేఱలేదు. 1874లో వాలీ గుట్మను అను కన్యను వివాహమాడి, ఆఱుగురు బిడ్డలకు తండ్రి యయ్యెను.

హాలెలో పెద్దయుపాధ్యాయుఁడుగా నున్న హైనె యాతనికి త్రికోణమితి శ్రేఢులను గూర్చిన యొక ప్రశ్నను సూచించెను. ఆ ప్రశ్నను విడఁదీయుచుఁ బోవఁగాఁ బోవఁగా, ఒక రేఖమీఁద నుండు బిందువు లెన్ని, ఎట్టివి యను విచారము తప్పనిసరి యయ్యెను. కాంటరు అనంతమును వెదకికొనుచు పోలేదు. చేపట్టిన పనిని నిజాయితీతో తుదవఱకు సాగించుటచే ననంతమే యాతని కెదురుపడెను. 1872లో డెడెకిండు అను పండితునితో నాతనికి స్నేహము కలిగెను. వీరిద్దఱును వ్రాసికొన్న లేఖలలోనే క్రొత్తశాస్త్ర మొకటి మొలకెత్తెను.

ఆతని మూలసూత్రము పసిపిల్లలకును బోధపడునది. ఒక సంతర్పణమునందు జనులు బంతులు తీర్చి కూర్చుండిరనుకొందము. ప్రతివిస్తరి ముందును ఒక్కొక్కఁడు కూర్చుండి, విస్తరి లేని మనుష్యుఁడు గాని మనుష్యుఁడు లేని విస్తరి గాని లేకున్నయెడల, లెక్కపెట్టకయే విస్తళ్లును జనులును సమసంఖ్య యని చెప్పవచ్చును. ఈ జతపఱచుటయే లెక్కకు మూలము. పరిమితమైన గుంపులకు చెల్లు నీ నియమము అపరిమితమైన గుంపులకేల చెల్లరాదని కాంటరు ప్రశ్నించెను. గెలీలియో నిలిచిపోయిన చోటనే యీతఁడు ముందునకు అడుగు వేసెను. సరిసంఖ్యలును సంఖ్యలన్నియు జతపడునా? పడును, ఒకటికి రెండును, రెంటికి నాలుగును, మూఁటికి నాఱును జత. అయినచో నవి సమమే. భాగము పూర్ణమునకు సమమగుట దోషము కాదు. అనంతసమూహముల లక్షణమే యది. భిన్నములు సైతము, ఏ రెంటి నడుమను లెక్కలేనన్ని యున్నట్లు తోఁచినను, లవహారముల మొత్తము రెండైనవి ముందును, మూఁడైనవి తరువాతను, నాలుగైనవి యటుపిమ్మటను నిలిపినచో, ఒక్కటియు తప్పిపోకుండ వరుసలో నిలుచును. ఇవియు సహజసంఖ్యలకు సమమే.

ఇంతవఱకు విన్నవారు అనంతము లన్నియు నొక్కటే యని తలఁపవచ్చును. కాంటరు అట్లు తొందరపడలేదు. రేఖమీఁది బిందువు లన్నిటిని, అనఁగా దశాంశరూపమున నెడతెగక సాగు సంఖ్యల నన్నిటిని, అట్లే వరుసలో నిలుపవచ్చునా యని 1873లో తన్నుఁ దాను ప్రశ్నించుకొని, ఆ సంవత్సరము డిసెంబరు మాసమున నిలుపరాదని నిరూపించెను. 1874లో నది ప్రకటింపఁబడెను. అనంతములు రెండు తరగతులుగా నున్నవని మనుష్యుఁడు తర్కబలముచే నెఱిఁగిన దినమది. కాలక్రమమున తరగతులు రెండే కావనియు, వానికి తుది లేదనియు తెలియవచ్చెను.

1877లో నంతకంటె వింతయైన ఫలితము లభించెను. ఒక చతురస్రమునందలి బిందువు లన్నియు దాని యొక్క యంచునందలి బిందువులతో సమమని తేలెను. చతురస్రమందలి ప్రతిబిందువునకును నిడివి, వెడల్పు అని రెండు దశాంశసంఖ్యలు గుర్తు. ఆ రెంటి యంకెలను ఒకటివిడిచి యొకటిగా నల్లినచో నొక్కటే సంఖ్య యగును. తాను నిరూపించినదానిని తానే నమ్మలేక కాంటరు డెడెకిండునకు వ్రాసెను. డెడెకిండు ఆ యల్లికలో నొక సందును చూపఁగా, స్నేహితుఁడు తప్పు పట్టినాఁడని కినియక, ఆతఁడు దానిని మఱియొక యుపాయముచే సరిదిద్దెను. సత్యమును వెదకువారి స్నేహ మిట్టిదిగా నుండవలెను.

ఈ వ్యాసము పత్రికలో ప్రకటింపఁబడుట కాలస్యమయ్యెను. ఇందుకు క్రోనెకరే కారణమని కాంటరు అనుమానించి, మరల ఆ పత్రికకు వ్రాయలేదు. క్రోనెకరు దుష్టుఁడని మేము చెప్పము. పూర్ణసంఖ్యలనుండి పరిమితమైన మెట్లలో నిర్మింపఁబడనిది గణితమే కాదని ఆతని విశ్వాసము; ఆ విశ్వాసమునకు తగిన వాదము లాతనికడ నుండెను; నేఁటికిని ఆ మార్గమున నాలోచించువారు కలరు. కాని సిద్ధాంతముతో పోరాడుటకు మాఱుగా, తన శిష్యుఁడై యుండిన మనుష్యునితోనే పోరాడుట ఆతని లోపము. యువకులను చెఱచువాఁడని శిష్యుని నిందించెను. ఆతని పలుకుబడి గల బెర్లినులో కాంటరునకు ద్వారములు మూయఁబడెను. కొత్తమాట చెప్పినవానిని పాతపీఠములు వెలివేయుట మతములయందే కాదు, నిష్పక్షపాత మనిపించుకొను శాస్త్రములయందును కలదని దీనివలన తెలియుచున్నది.

కాంటరు వెనుదీయలేదు. 1879 మొదలు 1884 వఱకు ఆఱు భాగములుగా తన సిద్ధాంతమును ప్రకటించెను. 1883లో వెలువడిన భాగమున, గణితమునకు స్వాతంత్ర్యమే ప్రాణమనియు, తనలో తనకు విరోధము లేని యే భావమునైనను గణితజ్ఞుఁడు పరీక్షింపవచ్చుననియు వాదించెను. సహజసంఖ్య లన్నిటికిని పిమ్మట వచ్చు మొదటిసంఖ్యకు ఒమెగా యని పేరుపెట్టి, అందుపై నొకటి, రెండు కలుపుచు క్రొత్తలెక్కను మొదలిడెను. తుదిలేని బారునకు ముందు ఒకఁడు వచ్చి నిలిచినచో బారు మాఱదు. ఆ బారున కంతటికిని వెనుక నొకఁడు నిలిచినచో, మునుపు లేని కడపటివాఁ డొకఁ డేర్పడి బారు మాఱును. కాఁబట్టి యీ లెక్కలో ముందు కలుపుటయు వెనుక కలుపుటయు నొక్కటి కావు. సమూహముల పరిమాణములకు, హీబ్రూభాషయందలి మొదటి యక్షరమును గైకొని, ఆలెఫులని యనంతరకాలమున పేరిడెను.

ఒక ప్రశ్న మాత్ర మాతనిని జీవితాంతము వేధించెను. సహజసంఖ్యల యనంతమునకును, రేఖాబిందువుల యనంతమునకును నడుమ మఱియొక పరిమాణము కలదా? లేదని ఆతఁడు 1878లోనే ఊహించెను గాని నిరూపింపలేకపోయెను. 1884లో నొకప్పుడు నిరూపించితి ననుకొనెను. పిదప దానికి వ్యతిరేకమే నిజ మనుకొనెను. పిమ్మట రెంటిని విడిచెను. ఆ యేఁడు మేనెలలో నాతనికి మొదటిసారి మనోవ్యాధి కలిగెను. ఇంచుమించు నొక మాసమునకు తేఱుకొనెను గాని, ఆ వ్యాధి పిమ్మట పలుమాఱులు తిరుగఁబెట్టెను. అనంతమును గూర్చి యాలోచించుటచేతనే మతి చెడెనని జనులు చెప్పుకొనుట కలదు. ఇది మూఢవిశ్వాసము. వ్యాధి శరీరధర్మముగా వచ్చినదనియు, వివాదములును పనిభారమును దానిని రేపియుండవచ్చునే గాని పుట్టింపలేదనియు చరిత్రకారులు పలువురు నిర్ణయించిరి. మనోవ్యాధి పాపమునకు ఫలమును కాదు, సిగ్గుపడవలసిన దోషమును కాదు.

1885లో నాతనికి మిత్రుఁడై, అంతకుమునుపు ఆతని వ్యాసములను తన పత్రికలో నచ్చువేసిన మిట్టాగ్ లెఫ్లరు సైతము, క్రొత్తవ్యాసమును నూఱేండ్లు ముందుగా వచ్చినదని చెప్పి వెనుకకు తీసికొమ్మనెను. మిత్రుని యీ మాట శత్రువుల నిందకంటె నెక్కువగా నొప్పించెను. అటుపిమ్మట కాంటరు కొంతకాలము గణితజ్ఞులను విడిచి తత్త్వవేత్తలతోను మతాచార్యులతోను లేఖలు నడపెను.

ఇచ్చట మా చదువరులు శ్రద్ధతో నాలోచింపవలసిన సంగతి కలదు. సిద్ధమైన యనంతము సృష్టియందు కలదని యొప్పుకొన్నయెడల, సృష్టియే దేవుఁ డగునని రోమనుకాథలిక్కు పండితుఁడును కార్డినలునునగు ఫ్రాంజెలిను భయపడెను. అందుకు కాంటరు అనంతమును రెండుగా విభజించి సమాధానము చెప్పెను. పెంచుటకు వీలైనది యొకటి. పెంచుటకు వీలులేని పరిపూర్ణము రెండవది. ఒమెగాకు పైన నొకటి కలుపవచ్చును. ప్రతి ఆలెఫునకును మించిన ఆలెఫు కలదు. ఇవి యెంత పెద్దవైనను బుద్ధికి గోచరములు, సృష్టికి చేరినవి. పైమెట్టు లేని పరమానంత మీశ్వరునిది. అది సంఖ్యచే కొలువఁబడదు. తైత్తిరీయోపనిషత్తు బ్రహ్మమును అనంతమని పేర్కొన్నప్పుడు చెప్పిన యనంతము లెక్కలోని పెద్దసంఖ్య కాదని మనవారును ఎఱుఁగుదురు. మెట్లను లెక్కించినవాఁడే మెట్లకు మీఁదిదాని యెదుట మౌనము వహించెను. ఆతని గణితము సత్యమగుటకు ఆతని దైవచింత యాధారము కాదు. నాస్తికుఁడును ఆ నిరూపణముల నొప్పుకొనక తప్పదు. గణితమున దేవుఁడు నిరూపింపఁబడెనని చాటువారును, గణితమున దేవుఁడు త్రోసివేయఁబడెనని చాటువారును సమముగనే పొరపడుచున్నారు.

కాంటరు తన కష్టములనుండి యొక ధర్మకార్యమును సాధించెను. పెద్దపీఠముల దయపై నాధారపడక యువపండితులు తమ మాట చెప్పుకొనుటకు చోటు కావలెనని తలఁచి, 1890లో జర్మను గణితజ్ఞుల సంఘమును స్థాపించుటకు ముఖ్యకారకుఁడై, దానికి మొదటి యధ్యక్షుఁ డయ్యెను. 1891లో హాలెలో జరిగిన మొదటి సభకు తన ప్రతిపక్షియైన క్రోనెకరునే యుపన్యసింప నాహ్వానించెను. భార్యకు కలిగిన ప్రమాదముచే క్రోనెకరు రాలేకపోయెను. ఆ సంవత్సరాంతముననే మృతినొందెను.

ఆ సభయందే కాంటరు తన సుప్రసిద్ధమైన కర్ణయుక్తిని వివరించెను. దానిని సులభమైన రూపమున చెప్పెదము. సున్నకును ఒకటికిని నడుమనుండు దశాంశసంఖ్య లన్నిటిని ఒకదానిక్రింద నొకటిగా పట్టిక వేసితినని యెవరైన చెప్పినచో, మొదటిసంఖ్య యొక్క మొదటియంకెను, రెండవదాని రెండవయంకెను, మూఁడవదాని మూఁడవయంకెను, ఇట్లు మూలగా దిగుచు చూడవలెను. ఒక్కొక్క యంకెకు మాఱుగా, సున్నయు తొమ్మిదియు గాని వేఱొక యంకెను వ్రాయుచుఁ బోయిన, క్రొత్తసంఖ్య యొకటి యేర్పడును. ఇది మొదటిదానితో మొదటిస్థానమున, రెండవదానితో రెండవస్థానమున, ప్రతిదానితోను ఏదో యొకచోట భేదించును. కాఁబట్టి పట్టికలో నిది లేదు. అన్నియు వ్రాసితినన్న మాట యబద్ధమయ్యెను. ఇదేయుక్తిచే, ఏ సమితికైనను దాని యుపసమితుల సమితి పెద్దదని తేలును. ముగ్గురు మనుష్యులనుండి, ఎవ్వరును లేని శూన్యసమితితోఁ గూడ, ఎనిమిది యుపసమితు లేర్పడును. అనంతమునందును ఇట్లే పైకిఁ బోవు మెట్లకు తుది లేదు.

క్రమముగా లోకము మేల్కొనెను. 1897లో జూరిచ్చిలో జరిగిన మొదటి సర్వదేశ గణితసభలో నాతని సిద్ధాంతము ప్రశంసింపఁబడెను. 1900లో హిల్బర్టు పారిసునగరమున రాఁబోవు శతాబ్దమునకై ప్రశ్నలను ప్రతిపాదించినప్పుడు, కాంటరు తీర్పలేకపోయిన ప్రశ్ననే మొదట నిలిపెను. 1904లో ఇంగ్లండు రాయల్ సొసైటీవారు సిల్వెస్టరు పతక మొసంగిరి. కాని గౌరవములతోపాటు దుఃఖములును వచ్చెను. 1899 డిసెంబరులో కనిష్ఠపుత్రుఁడైన రూడాల్ఫు, తండ్రి లైప్జిగునందు ఉపన్యాసమిచ్చుచుండఁగా, ఆకస్మికముగా మరణించెను. ఆరోగ్యాలయములలో గడపు కాలము నానాఁటికి పెరిగెను. 1913లో నుద్యోగమును విడిచెను. 1915లో డెబ్బదియవ జన్మదినోత్సవమును ఘనముగ జరుపఁదలఁచిరి గాని, యుద్ధమువలన నది కొలఁదిపాటిగానే జరిగెను. యుద్ధకాలమున నాహారము కఱవయ్యెను. 1917 జూనులో మరల నారోగ్యాలయమున చేర్పఁబడి, ఇంటికి తీసికొనిపొమ్మని భార్యకు వ్రాయుచు, 1918వ సంవత్సరము జనవరి 6వ తేదీని హాలెలో పరలోకగతుఁ డయ్యెను.

మహాత్ముల చరిత్రములలో గుణములనే యెన్నుట న్యాయము కాదు. అత్యల్పరాశుల సిద్ధాంతమును, అనఁగా సున్న కాకయే ప్రతిభిన్నముకంటెను చిన్నవగు రాశులను ప్రతిపాదించినవారిని కాంటరు కఠోరముగా దూషించెను. తనకు క్రోనెకరు చేసినదే తా నితరులకు చేసెను. 1960వ దశకమున రాబిన్‌సను అను పండితుఁ డట్టి రాశులకు నిర్దుష్టమైన పునాది వేసెను. వెలివేయఁబడినవాఁడు సైతము వెలివేయుటకు జంకఁడు. ఈ దోషము మనలో నుండకుండ సంస్కర్తలమని చెప్పుకొనువారమే మొదట కాచికొనవలెను.

ఆతనిని వేధించిన ప్రశ్న యేమయ్యెనని యడుగుదురేని, గణితజ్ఞులు సామాన్యముగా నంగీకరించు సమితిసూత్రములనుండి యాతని యూహను ఖండింపరాదని గోడెలు 1940లో ప్రకటించిన గ్రంథమునందును, నిరూపింపరాదని కోహెను 1963లోను స్థాపించిరి. నలువదియేండ్లు కాంటరు వెదకిన సమాధాన మాతని చేతనున్న పరికరములతో దొరకునది కాదు. ఇది తెలియక ఆతఁడు తన్నే నిందించుకొనెను. మన ప్రయత్నము విఫలమైనప్పుడెల్ల మన శక్తిహీనతయే కారణమని కృశింపరాదని యీ సంగతి బోధించుచున్నది. నేఁడు సమితిసిద్ధాంతము గణితశాస్త్రమునకు పునాదిగా లోకమంతటను చదువఁబడుచున్నది. యువకులను చెఱచునన్న విద్యనే యువకులకు మొదట నేర్పుచున్నారు.

సోదరులారా, గ్రహింపశక్యము కాదని పెద్దలు గీచిన గీఁత నిజముగా బుద్ధికి హద్దా, లేక యలవాటునకు హద్దా యని పరీక్షించు ధైర్యము కాంటరునకు కలిగెను. పరీక్షించినపిమ్మట నిజమైన హద్దు కనఁబడినచోట నిలిచి నమస్కరించు వినయమును కలిగెను. ఈ రెంటిలో నేది కొఱవడినను విచారము చెడును. ధైర్యము లేని వినయము దాస్యముగను, వినయము లేని ధైర్యము గర్వముగను మాఱును. ఈ రెంటిని మన మనస్సులలో నొకచోట నిలుపుకొనుట కీ చరిత్రము తోడ్పడునేని మా శ్రమ ఫలించినట్లే.